ఉలవల రోడ్డు మీద రెండు కార్లు

కదిరిలో మా వీధివాళ్లకు కదిరప్ప అంటే తెల్ల కారు, తెల్ల కారంటే కదిరప్ప. నిజానికి ఆ కారు అతనిది కాదు, చెనిక్కాయల, అంటే వేరుశెనగల, మండీ నడిపే గోపాలయ్య సావుకారుది. అయినా అది వీధిలోకి తిరిగితే "గోపాలయ్య వస్తాండాడు" అని ఎవరూ అనేవాళ్లు కాదు. "కదిరప్ప వస్తాండాడు, పిలకాయల్ని పక్కకు తీయండి" అనేవాళ్లు.

అలాంటి మనిషిని ఒక్క మాటతో "ఇంక పనికి రావొద్దు" అన్నారు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఎవరు కనిపించినా ఇదే మాట్లాడాను. మా చెల్లెలు నా ఫోను ఎత్తడం మానేసింది. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితమైతే "పొయ్యి మీద పాలున్నాయి, మళ్లీ చేస్తా" అని పెట్టేయదు.

నేను నల్లమాడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఇల్లు గోపాలయ్య మండీకి వెనక సందులో. సుదర్శన్, నాగజ్యోతి, అంటే గోపాలయ్య కొడుకూ కూతురూ, చిన్నప్పుడు మా వరండాలో కూర్చుని వత్తులు దిద్దినవాళ్లే. కదిరప్ప ఇల్లు మా ఇంటికి మూడో గుమ్మం. కాబట్టి రెండు వైపులా నాకు తెలుసు. తెలుసు కనకే మండుతోంది.

కదిరప్పది ముదిగుబ్బ దగ్గర పల్లె. నాన్న గొర్రెలు కాసేవాడు. వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు గొర్రెలన్నీ అమ్మేసి, కొడుకును తెచ్చి గోపాలయ్య మండీలో మూటలు మోయడానికి పెట్టాడు. మూటలు మోస్తూ లారీ ఎక్కాడు, లారీ ఎక్కి క్లీనరయ్యాడు, క్లీనరుగా ఉంటూ స్టీరింగు పట్టాడు. గోపాలయ్య పెద్ద పెట్రోలు కారు కొన్నప్పుడు, అప్పట్లో కదిరిలో అంత పొడుగు కారు ఇంకొకటి లేదు, డ్రైవరు కోసం బెంగుళూరు దాకా పోనక్కర లేకపోయింది. "మన కదిరప్ప ఉండాడు కదా" అన్నాడు. అంతే. అప్పటికి కదిరప్పకు మీసాలు నల్లగా ఉండేవి.

మాట తక్కువ మనిషి. మనుషుల కంటే కారుతోనే ఎక్కువ మాట్లాడతాడు. "పదమ్మా, ఇదొక్క గుంత దాటితే మంచి రోడ్డుండాది" అంటాడు. మేం వెనక కూర్చుని ఆ మాట మాకేమో అనుకుని "సరేలేప్పా" అనేవాళ్లం. మా వీధికి కొళాయి నీళ్లు వారానికోసారి వచ్చే ఎండల్లో కూడా ఆ కారు తళతళలాడేది. చెంబెడు నీళ్లు, ఒక పాత పంచె ముక్క ఇస్తే చాలు, కారంతా తుడిచేసి, మిగిలిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసేవాడు.

ఇంకొక్క సంగతి చెప్పాలి, లేకపోతే మీకు తర్వాత జరిగింది అర్థం కాదు. మా వైపు ఉలవలు కోసినాక ఎండిన చెట్లను, మేం ఉలవ కట్టె అంటాం, తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లు దాని మీద తిరిగితే గింజ రాలుతుంది. పశువులు తగ్గిపోయాయి, కల్లాలు చేసుకునే ఓపికా పోయింది, రోడ్డే కల్లం. అది తప్పని పోలీసులు చెబుతూనే ఉంటారు, రైతులు వింటూనే ఉంటారు, పరుస్తూనే ఉంటారు.

చాలామంది డ్రైవర్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోతారు. గోపాలయ్య కారు మాత్రం ఎప్పుడూ అట్లా పోలేదు. ఆ పంట కొనేదీ అమ్మేదీ ఆయనే కదా. "పంటను తప్పించుకోని పోయేది సావుకారు బండి కాదప్పా, దొంగల బండి" అనేవాడు. కట్టె కనిపిస్తే చాలు, వెనక సీట్లో నుంచి చేత్తో గాల్లో సున్నా చుట్టేవాడు. ఇంకో చుట్టు కొట్టమని. కదిరప్ప మెల్లగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తోలి, తర్వాత దిగి, ఒక ఇనప కొక్కెంతో కారు కింద చుట్టుకున్న కట్టెను శుభ్రంగా లాగేసి బయల్దేరేవాడు. గోరంట్ల రోడ్డు మీద పల్లెలన్నిటికీ ఈ సంగతి తెలుసు. కారు శబ్దం వినగానే ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని పక్కకు నిలబడేవాళ్లు.

ఇదిట్లా నడుస్తుండగా సుదర్శన్ కరెంటు కారు కొన్నాడు.

అబ్బ, ఆ కారు! నిజం చెప్పాలి కదా, చూడగానే దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాను. నీలం రంగు, చెరువు నీళ్ల మాదిరి నిగనిగ. పొడుగ్గా, నేలను అంటుకున్నట్టుగా ఉంది. తలుపు తీద్దామని పోతే పిడి లేదు.

"యాడ పట్టుకోవల్లప్పా దీన్ని?" అన్నాను.

"ఊరికే తాకండి టీచరమ్మా, అదే బయటికొస్తాది" అన్నాడు సుదర్శన్.

తాకాను. పిడి వచ్చింది. నేను ఉలిక్కిపడి చెయ్యి తీసేశాను, అది లోపలికి పోయింది. ఇట్లా కాసేపు ఆడుకున్నాం, నేనూ ఆ పిడీ.

తండ్రి ముఖం మాత్రం విప్పారలేదు. మండీ పనులు కొడుకు చేతికి వచ్చి కొన్నేళ్లయింది. ఇంట్లో కూడా ఆయన మాట చెల్లడం తగ్గింది. సుదర్శన్ తేల్చి చెప్పేశాడు: ఒక ఇంటికి ఒక కారు చాలు, పాతది అమ్మేద్దాం, కొత్తది నేనే తోలుకుంటాను. అంటే కదిరప్ప అక్కర్లేదని. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు. అనకపోతే అది లేనట్టేనా?

గోపాలయ్య గొణిగాడు. "ముందర రెండూ ఒకే దారిలో తోలి చూద్దాం రా. నా కారు తక్కువైతే అప్పుడు అమ్ముదువు గాని."

నాగజ్యోతి కొడుకును తొట్లో వేసే పండగ గోరంట్లలో ఉంది. రెండు కార్లలో పోదామనుకున్నారు. నన్ను కూడా పిలిచారు. "పొయ్యేటప్పుడు నా కార్లో, వచ్చేటప్పుడు నాయన కార్లో కూచోండి టీచరమ్మా. చిన్నప్పుడు మాకు మార్కులేసినారు, ఇప్పుడు కార్లకేయండి" అన్నాడు సుదర్శన్ నవ్వుతూ. నేనూ నవ్వాను. కదిరప్ప అక్కడే నిలబడి కారు అద్దం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

పొద్దున బయల్దేరాం. పాత కార్లో గోపాలయ్య, కదిరప్ప మా వెనక వస్తున్నారు. కరెంటు కార్లో ముందర సుదర్శన్, వెనక నేనూ, వాళ్లమ్మ సుమిత్రమ్మా. సీటు కింద నుంచి చల్లగాలి ఊదింది. ఎక్కడ ఊదిందో చెప్పడానికి నాకు సిగ్గు. నెత్తి మీద పైకప్పంతా అద్దమే. అనంతపురం ఎండలో నెత్తి మీద అద్దం పెట్టుకునే తెలివి ఎవరికొచ్చిందో అని చెంగు కప్పుకున్నాను.

"ఎండ తగలదు టీచరమ్మా, అది వేరే గ్లాసు" అన్నాడు.

నిజమే, తగల్లేదు. అయినా చెంగు తీయలేదు.

"ఈ కార్లో కూచుంటే ఇంట్లో సోఫాలో కూచున్నట్టే ఉంటాది. ఊరొచ్చింది కూడా తెలీదు" అంది సుమిత్రమ్మ.

అదీ నిజమే. చప్పుడు లేదు. కుదుపు లేదు. నేను మాట్లాడుతుంటే నా గొంతు నాకే గట్టిగా వినబడి, నేనెప్పుడూ ఇంత అరుస్తానా అని అనుమానం వచ్చింది. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంటే ఒకసారి కాలు నొక్కి చూపించాడు. నా గుండె వెనక సీట్లోనే ఉండిపోయి, మనిషి ముందుకు పోయినట్టయింది.

గోరంట్లకు సగం దారిలో ఒక పల్లె దగ్గర రోడ్డుకు అడ్డంగా ఉలవ కట్టె పరిచి ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్లు మాకు వీపు పెట్టి కట్టె తిరగేస్తున్నారు. పెట్రోలు కారైతే మలుపులోనే విని ఉండేవాళ్లు. దీని చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? సుదర్శన్ తెర మీద ఏదో నొక్కుతున్నాడు. నేను "అయ్యో" అనేలోపలే కారు దానంతటదే గబుక్కున ఆగింది. నా చేతి సంచి పోయి ముందర సీట్లో పడింది. కారు ముక్కుకూ, ఒక ముసలామె వీపుకూ మధ్య చాటంత జాగా ఉంది.

ఆమె వెనక్కి తిరిగి చూసి, చేతిలోని కట్టెను కింద పడేసి, రెండు చేతులూ గుండెకు పెట్టుకుంది. ఆ తర్వాత నోరు తెరిచింది.

"ఎవుర్రా నువ్వు, దయ్యం మాదిరి ఎనకొచ్చి నిలబడినావు! నోరు లేదా నీ బండికి?"

సుదర్శన్ అద్దం దించాడు. కారే ఆగిందనీ, తను ఆపలేదనీ అతనికీ తెలుసు. ఆ భయమంతా కోపమైపోయింది. "రోడ్డేమన్నా మీ నాయన కల్లమా? తీయ్ పక్కకు!"

"తీయనప్పా. ఎక్కించుకోని పో. గోపాలయ్య సావుకారంతటాయనే నా కట్టె మీద తోలుకోని పోతాడు, నీదేమన్నా బంగారు బండా?"

"ఆ గోపాలయ్య కొడుకునే నేను!"

ఆమె అతన్నీ కారునీ పైనుంచి కిందికి చూసింది. "అట్లనా? ఆయప్ప పోలికలేమీ రాలేదే నీకు" అంది.

సుమిత్రమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికి. సుదర్శన్ కారును మట్టి బాట మీదికి దించి, కింద బండరాయి గీరుకుంటుంటే పళ్లు కొరుక్కుంటూ దాటించాడు. ఆ ముసలామె పేరు బయమ్మ అని తర్వాత తెలిసింది. మా వెనక వచ్చిన కదిరప్ప ఎప్పటిలాగే ఆ కట్టె మీద తోలి, ఆమె తిట్లన్నీ విని వచ్చాడు.

గోరంట్లలో చుట్టాలంతా నీలం కారు చుట్టూ మూగారు. పిడి బయటికి రావడం, లోపలికి పోవడం అందరూ చూశారు. తొట్లో బిడ్డను చూసినవాళ్ల కంటే దాన్ని చూసినవాళ్లే ఎక్కువ. కదిరప్ప తన కారును గోడ నీడలో పెట్టి, విస్తరాకు ముందర కూర్చున్నాడు. ఎవరో చుట్టమాయన వేళాకోళం చేశాడు. "ఏం కదిరప్పా, నీ ముసలిదాన్ని తుక్కుకేస్తారంటనే?"

"అరిచే ముసలిదే మేలు సామీ, చెప్పకుండా ఎనకొచ్చి నిలబడే చిన్నదానికంటే" అన్నాడు కదిరప్ప, అన్నంలో చారు కలుపుకుంటూ. అతను అంత పొడుగు మాట మాట్లాడటం ఆ రోజంతటికీ అదొక్కసారే.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. ఈసారి నేను పాత కారు ఎక్కాను. వెనక సీట్లో గోపాలయ్య, నేను. సుదర్శన్, సుమిత్రమ్మా మాకంటే ముందే బయల్దేరి కనుమరుగయ్యారు. పాత కార్లో కూర్చుంటే అది నడుస్తోందని వెన్నెముకకు తెలుస్తూనే ఉంటుంది. పెట్రోలు వాసన, అగరొత్తుల వాసన, గోపాలయ్య మాత్రల వాసన. ఏసీ చల్లదనం ముందర సీటు దాటి వెనక్కి రావడానికి మొహమాటపడుతుంది. దాచుకోవడం ఎందుకు, మార్కులే వేయాల్సి వస్తే కొత్తదానికే ఎక్కువ పడేవి. నాకు అన్యాయంగా మార్కులేసే అలవాటు లేదు.

బయమ్మ పల్లె వచ్చింది. మలుపు తిరక్క ముందే వాళ్లు విన్నారు. చీపుర్లతో పక్కకు తప్పుకుని, బయమ్మ చెయ్యెత్తింది.

"సావుకారూ! పొద్దున తోలింది చాల్లేదు. అడుగు కట్టె నలగలా. ఇంగో రెండు చుట్లు కొట్టియ్యి సామీ."

గోపాలయ్య వేలు గాల్లో సున్నా చుట్టింది. "కొట్టు కదిరప్పా."

"చిన్న సావుకారు ముందర పోయినాడు. లేటవుతాది" అన్నాడు కదిరప్ప.

"నేను చెప్తాండా కదా. కొట్టు."

కొట్టాడు. కట్టె మీద కారు పోతుంటే ఆ చప్పుడు నాకు భలే ఇష్టం, అప్పడాల మీద నడిచినట్టుంటుంది. చుట్లయ్యాక కదిరప్ప పక్కకు తీసి, కొక్కెం అందుకుని దిగబోయాడు. సరిగ్గా అప్పుడే గోపాలయ్య ఫోను మోగింది. స్పీకర్లో సుదర్శన్ గొంతు.

"నాయనా, మేము కదిరి దాపులకొచ్చినాము. మీ బండి యాడ? మొరాయించినాదా? తోసేదానికి మనుషుల్ని పంపించేదా?"

వెనక సుమిత్రమ్మ నవ్వు కూడా వినిపించింది. గోపాలయ్య ముఖం ఎర్రబడింది. ఫోను పెట్టేసి, "దిగొద్దు. పోనీ. వాని ముందర తల దించుకునేది నా వల్ల కాదు" అన్నాడు.

"కట్టె తీయల్ల సావుకారూ. కింద చుట్టుకోనుంటాది. సైలెన్సరు కాలుతాంటాది."

"ఇంటికాడ తీద్దువులే. పోనీ అంటాండా కదా!"

ఇది నేను నా చెవులతో విన్నాను. పక్కనే కూర్చుని విన్నాను.

పోనిచ్చాడు. కొంత దూరం పోయాక కమురు వాసన వచ్చింది. ఎవరో పొలంలో చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నాను. కదిరప్ప అనుకోలేదు. గబుక్కున కారు పక్కకు తీసి, నన్ను దిగమని అరిచి, గోపాలయ్యను రెండు చంకల కింద చేతులు వేసి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి మోరీ గట్టు మీద కూర్చోబెట్టాడు. ఆయన చెప్పులు కార్లోనే ఉండిపోయాయి. కింద నుంచి మంట నాలుక చాపింది. కదిరప్ప దోసిళ్లతో మట్టి చల్లాడు. పొలంలో ఉన్నవాళ్లు తాగడానికి తెచ్చుకున్న నీళ్ల బిందెలు ఎత్తుకొచ్చి గుమ్మరించారు. ఆ ఎండలో వాళ్లకు ఇంక సాయంత్రం దాకా గొంతు తడిపే చుక్క లేదు. ఆ నీళ్లు ఏ మూలకు? కారు భగ్గుమంది.

కదిరప్ప దూరంగా నిలబడి చూశాడు. చేతులకు బొబ్బలు. "పోయినావా తల్లీ" అన్నాడు, అంతే.

సుదర్శన్ వెనక్కి తిరిగొచ్చాడు. దిగుతూనే తండ్రిని తడిమి చూశాడు. అందులో తప్పు పట్టను. తర్వాత కదిరప్ప వైపు తిరిగాడు.

"కట్టె మీద ఎవరు తోలమన్నారు నిన్ను?"

కదిరప్ప గోపాలయ్య వైపు చూశాడు. గోపాలయ్య మంట వైపు చూశాడు.

"నేనే తోలినా" అన్నాడు కదిరప్ప.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమప్పా అబద్ధం! సావుకారే కదా తోలమనింది. కట్టె తీస్తానంటే వద్దనింది కూడా ఆయప్పే. నేను ఈడనే ఉండా!"

సుదర్శన్ తండ్రి ముఖం చూశాడు. గోపాలయ్య తల ఎత్తకుండా అన్నాడు: "ఏమో టీచరమ్మా. నాకు కండ్లు మూతలు పడినాయి. గుర్తు లేదు."

గుర్తు లేదు! కాసేపటి కింద చెప్పిన మాట గుర్తు లేదు! ఎప్పుడో చెనిక్కాయల ధర ఎంత పలికిందో ఇప్పటికీ రాత్రి లేపి అడిగినా చెబుతాడు. నా నోటికి మాటలు తోసుకొచ్చాయి, కానీ ఆ ముసలాయన కాళ్లకు చెప్పుల్లేకుండా మట్టిలో కూర్చుని వణుకుతుంటే ఏమనగలం?

"టీచరమ్మా, మీరు కదిరప్ప ఇంటి పక్కనోళ్లు. మీరట్లే చెప్తారు" అన్నాడు సుదర్శన్. నా దగ్గర వత్తులు దిద్దినవాడు! "నాయన కార్లో కాలిపోయింటే ఎవరు దిక్కు? కదిరప్పా, రేపట్నుంచి ఇంక పనికి రావొద్దు."

మర్నాడు కదిరప్ప ఇంటికి పోయాను. అతని భార్య పెద్దక్క బొబ్బలకు వెన్న రాస్తోంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది. "అడుగు టీచరమ్మా, నువ్వన్నా అడుగు. ఊరికంతా మూతి కుట్టుకోని కూచున్నాడు. 'సావుకారే తోలమన్నాడు' అని ఒక్క మాట చెప్తే ఈయప్ప సొమ్మేం పోయె?"

"నోరు తెరవవేమప్పా?" అని నేనూ గట్టిగానే అడిగాను.

"ఆయప్ప చెప్తే అది నిజం. నేను చెప్తే అది చాడీ" అన్నాడు కదిరప్ప.

"ఆయప్ప చెప్పకపోతే?"

ఇంటి ముందర కారు నిలబెట్టే చోటు ఖాళీగా ఉంది. మనిషి అక్కడికే చూస్తున్నాడు.

మండీకి పోయి గోపాలయ్యను ఒకసారి అడిగాను, రెండోసారి కూడా అడిగాను. పోయిన ప్రతిసారీ టీ ఇచ్చి, ఆరోగ్యం ఎట్లుందని అడిగాడు. ఆ టీ నాకు ఎట్లా దిగిందో నాకే తెలుసు. బజార్లో ఒకడు "పెట్రోలు బండ్లు అట్లే కాలతాయి" అన్నాడు, ఇంకొకడు "డ్రైవర్లకు పొగరెక్కువ" అన్నాడు. మనిషి చేసిన తప్పుకు బండికొక తిట్టు, డ్రైవరుకొక తిట్టు. చెప్పినవాడికి మాత్రం టీ.

ఆ వారంలోనే సంత రోజు. ఇన్సూరెన్సు వాళ్లు కాలిపోయిన కారు రెండో తాళం అడిగారని సుదర్శన్ ఫోను చేస్తే, కదిరప్ప దాన్ని ఇవ్వడానికి మండీకి బయల్దేరాడు. ఒక్కణ్ణీ పంపబుద్ధి కాక నేనూ వెంట పోయాను. మండీలో రైతులు, హమాలీలు, తక్కెడ దగ్గర తోపులాట. గోపాలయ్య దిండుకు ఆనుకుని ఉన్నాడు, సుదర్శన్ బల్ల దగ్గర ఉన్నాడు. కదిరప్ప తాళం బల్ల మీద పెట్టి తిరగబోతుంటే గుమ్మంలో ఆటో ఆగింది. దాంట్లోంచి ఉలవల మూటలు దిగాయి. వాటి వెనక బయమ్మ దిగింది.

"ఏమప్పా కదిరప్పా, ఈడ నిలబడినావే? నీ కారు కాలిపోయిందంట కదా, మా పల్లోళ్ల బిందెల నీళ్లు కూడా దాని మీదికే పోయినాయంట. సావుకారుకు ఇంగో కారు కొనే యోగముందిలే. దిగులు పడొద్దు."

"కారుకు కాదు బయమ్మా, ఈయప్పకే యోగం లేదు. పని తీసేసినారు. కట్టె మీద తన పొగరుతో తోలినాడంట" అన్నాను నేను.

బయమ్మ మూట మీద కూర్చోబోయినదల్లా లేచి నిలబడింది. "ఎవరు? ఈయప్పా? సొంతంగానా?" అని గోపాలయ్య వైపు తిరిగింది. "సావుకారూ, నేను చెయ్యెత్తి అడిగితే నువ్వు కదా వేలు తిప్పినావు. లేటవుతాదని ఈయప్ప అంటే, 'నేను చెప్తాండా కదా, కొట్టు' అంటివి. నేను కిటికీ పక్కనే ఉంటి."

సుదర్శన్ ముఖం మారింది, కానీ గొంతు అట్లాగే ఉంది. "అవ్వా, చూసి మాట్లాడు. ఆ కట్టె ఎవరిదని పోలీసులు అడుగుతాండారు. రోడ్డు మీద పరిచినోళ్ల మీద కేసైతాది."

తక్కెడ దగ్గర తోపులాట ఆగి అందరూ ఇటు తిరిగారు. మొన్న పోలీసాయన పల్లెకు వచ్చి అడిగితే అందరూ "మాది కాదు" అన్నారని నేనూ విన్నాను. బయమ్మ కూడా అట్లాగే అనొచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

"నాదే" అంది బయమ్మ. "ఆ కట్టె నాదే. ఇదో, ఆ ఉలవలే ఈ మూటల్లో ఉండేది. రాసుకోనీ కేసు. నా కట్టె మీద నేను పిలిస్తే వచ్చి తోలిన మనిషి పని పోతే, నేను ఈ ఉలవలు ఏ మొగం పెట్టుకోని అమ్మేది?"

అందరూ గోపాలయ్యను చూస్తున్నారు. ఆయన దిండు మీద చేతితో నిమురుతూ ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి, అంతే.

"వినపడలా సావుకారూ! నీ కొడుకు కారు మాదిరి చప్పుడు లేకుండా చెప్తే ఎట్ల? గట్టిగ చెప్పు" అంది బయమ్మ.

తక్కెడ దగ్గర హమాలీలు నవ్వారు. గోపాలయ్య నవ్వలేదు. దిండు పక్కకు తోసి లేచి నిలబడ్డాడు.

"నేనే తోలమన్నా" అన్నాడు. ఈసారి గుమ్మం బయట ఆటోవాడికి కూడా వినిపించింది. "కట్టె తీస్తానంటే వద్దన్నా. ఈయప్ప తప్పేమీ లేదు."

"నాయనా!" అన్నాడు సుదర్శన్. "ఆ దినమే చెప్పకూడదా ఈ మాట?"

"నువ్వు ఫోన్లో నవ్వినావు గదరా. మళ్లీ నీ ముందర ఎట్ల చెప్పేది?"

సుదర్శన్ తల దించుకున్నాడు. బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి కదిరప్ప ముందర నిలబడ్డాడు. క్షమించమని నోటితో అనలేదు. వాళ్ల వంశంలో ఎవరికీ ఆ మాట వచ్చినట్టు లేదు. జేబులోంచి కరెంటు కారు తాళం తీశాడు. తాళమంటే తాళం కాదు, పలచటి కార్డు. "రేపట్నుంచి నువ్వే తోలు. నేర్పిస్తాను" అన్నాడు.

నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. తీసుకో, తీసుకో అని వెనకనుంచి కదిరప్పను మోచేత్తో పొడిచాను కూడా.

కదిరప్ప ఆ కార్డును చూశాడు. గోపాలయ్యను చూశాడు. చేయి చాపలేదు.

"సోమవారం వస్తా చిన్న సావుకారూ. ఇప్పుడు నాకు కోపముండాది. కోపంతో స్టీరింగు పట్టుకోకూడదు" అన్నాడు.

"అంత కోపమేముందిరా ఇంక? చెప్పినా కదా అందరి ముందర" అన్నాడు గోపాలయ్య.

"చెప్పినావు. అది చల్లారేదానికి టైము పడతాది సావుకారూ."

టవలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. గోపాలయ్య ఆపలేదు, సుదర్శన్ కార్డు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. బయమ్మ తన ఉలవలు తూకం వేయించుకునే పనిలో పడింది, తక్కెడ ముల్లు మీద నుంచి కన్ను తీయకుండా. నేను చెప్పులు వెతుక్కుని కదిరప్ప వెనక పరిగెత్తాను. సందు మలుపులో అందుకున్నాను. ఇద్దరం ఇంటి దాకా ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. నేను మాట్లాడకుండా అంత దూరం నడిచానంటే నా కోపం కూడా ఎంతుందో మీరే అర్థం చేసుకోండి.